ముక్కు మూలన రావాలి

యాభై దాటాక కత్తి పట్టానంటే మా చుట్టాలు మొదట నమ్మలేదు. "వంకాయలు తరగడానికేగా" అని నవ్వారు. కాదు, చెక్క చెక్కడానికి. విజయవాడలో ఉన్న అమ్మకు ఫోనులో చెబితే, "ఇంటా వంటా లేని పని! వేలు తెగితే అక్కడ ఎవరు చూస్తారే?" అంది. మా ఆయన మాత్రం ఒక్కటే షరతు పెట్టారు: సోఫా మీద చెక్క పేళ్లు పడకూడదు.

మేముండేది అమెరికాలో ఒహాయో రాష్ట్రం, సిన్సినాటి శివారులో. అమ్మాయి కాలేజీకి వెళ్లిపోయాక సాయంత్రాలు గడవడం కష్టమైంది. అలాంటి రోజుల్లో మా పేట గ్రంథాలయంలోని అద్దాల బీరువాలో చెక్కతో చేసిన పక్షులు, చెంచాలు, టోపీలు పెట్టుకున్న ముసలివాళ్ల బొమ్మలు కనిపించాయి. కింద ఒక చీటీ: స్థానిక చెక్కడపు క్లబ్బు, మంగళవారం సాయంత్రాలు, సీనియర్ సెంటర్‌లో, ఎవరైనా రావచ్చు. ఎవరైనా అన్నారు కదా అని వెళ్లాను.

క్లబ్బు అంటే ఒక గురువు, నల్లబల్ల, పాఠాల వరుస ఉంటాయనుకున్నాను. అవేమీ లేవు. పొడవాటి బల్లలు, వాటి మీద పాత దుప్పట్లు, చుట్టూ పాతిక మంది దాకా జనం. ఎక్కువమంది డెబ్బై దాటినవారే. ఒకరు డేగ ఈకలు గీస్తున్నారు, ఒకరు చెంచా లోపలి గుంట తవ్వుతున్నారు, మరొకరు చెక్కడం మానేసి మోకాలి ఆపరేషన్ గురించి చెబుతున్నారు. గుమ్మం దగ్గర తటపటాయిస్తున్న నన్ను చూసి ఒక పెద్దావిడ కుర్చీ లాగి కూర్చోబెట్టారు. కత్తి పట్టని చేతికి కోత పడని తొడుగు, కత్తి పట్టిన చేతి బొటనవేలికి మందపాటి పట్టీ వేశారు. ఇవి లేకుండా మా బల్ల దగ్గర ఎవరినీ కూర్చోనివ్వరు, నలభై ఏళ్ల అనుభవం ఉన్నా సరే. ఆ తరవాత అరచేతిలో ఇమిడే దిమ్మ ఒకటి నా ముందుకు వచ్చింది.

ఆ దిమ్మ బాస్‌వుడ్. అమెరికా చెక్కడపు క్లబ్బుల్లో ఎక్కువగా నడిచేది దీని మీదే. తెల్లగా, మెత్తగా ఉంటుంది, ముడులు తక్కువ, నార తిన్నగా సాగుతుంది. విస్కాన్సిన్, మిన్నెసోటా లాంటి ఉత్తరాది చలి రాష్ట్రాల్లో పెరిగిన చెట్టు చెక్కయితే ఇంకా మంచిదంటారు. చలికి చెట్టు నెమ్మదిగా పెరుగుతుంది, అందువల్ల నార దగ్గరదగ్గరగా ఉంటుంది, చిన్న చిన్న వివరాలు చెక్కినా అంచు పొడి కాదు. కొత్తవారందరూ మొదట చెక్కేది ఒక పిట్ట. కళ్లుండవు, ఈకలుండవు, ముక్కు ఉందో లేదో అన్నట్టుంటుంది. పిడికిట్లో పట్టుకుంటే ఎక్కడా గుచ్చుకోకూడదు, అంతే దానికి పరీక్ష. ఆసుపత్రుల్లో, వృద్ధాశ్రమాల్లో ఉన్నవారికి ఇలాంటి పిట్టలను పంచిపెడతారు. నా మొదటి పిట్ట కూడా ఆ బుట్టలోనే చేరింది. బాగుందని ఎవరూ అనలేదు, బాగాలేదనీ అనలేదు. బొటనవేలితో నిమిరి బుట్టలో వేశారు.

మొదట్లో నేను చెక్కింది తక్కువ, కత్తి నూరింది ఎక్కువ. మా క్లబ్బులో పదును సంగతి చూసే పెద్దాయన జీవితమంతా యంత్ర పరికరాల కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. సిన్సినాటి ఒకప్పుడు ఆ పరిశ్రమకు పేరుమోసిన ఊరు, మా సభ్యుల్లో సగంమంది చేతులు అక్కడ తయారైనవే. "ఈ పనిలో తెగే వేళ్లన్నీ మొద్దు కత్తి వల్లే తెగుతాయి" అంటారాయన. మొద్దు కత్తిని బలం పెట్టి నెట్టాలి. బలం పెట్టినప్పుడే అది జారుతుంది.

పదునుకు ఆయన వాడేది పాత తరం క్షురకులు వాడిన తోలు పట్టీయే. దాన్ని ఒక చెక్క పలకకు అతికించి, ఆకుపచ్చటి పాలిషు ముద్ద రుద్ది ఉంచుతారు. కత్తి అలుగును దాదాపు బల్లపరుపుగా ఆనించి, వీపు ముందు, అంచు వెనక వచ్చేలా లాగాలి. అంచు ముందుకు పెడితే తోలు తెగుతుంది. లాగడం అయ్యాక కత్తిని పైకి తిప్పుతూ ఎత్తకూడదు. ఎత్తిన ప్రతిసారీ అంచు కొంచెం గుండ్రబడుతుంది. నూరాక పదును చూడటానికి గోరు మీదో, ముంజేతి వెంట్రుకల మీదో ప్రయోగాలు చేయనివ్వరు. పనికిరాని బాస్‌వుడ్ ముక్క తీసుకుని నారకు అడ్డంగా ఒక కోత కోయమంటారు. కోసిన చోటు అద్దం పెట్టినట్టు మెరిస్తే పదును వచ్చినట్టు. ఆ మెరుపులో సన్నని తెల్ల గీత ఒకటి కనిపించిందంటే, అలుగులో సరిగ్గా ఆ చోట కంటికి కనపడని గంటు ఉందని అర్థం. మళ్లీ తోలు దగ్గరికి. ఆ గీత పోయేదాకా ఆయన మనల్ని దిమ్మ ముట్టుకోనివ్వరు. పోయిన రోజున మాత్రం జేబులోంచి ఒక పిప్పరమెంటు తీసి ఇస్తారు. అరవై ఏళ్ల మనిషైనా, ఆరేళ్ల పిల్లయినా అదే బహుమతి.

పిట్ట తరవాత ముఖం. ఇక్కడే కొత్తవారిలో చాలామంది మానేస్తారు. ముఖం చెక్కమంటే ఎవరైనా దిమ్మ చదునైన వైపు తిప్పి, కళ్లూ ముక్కూ పెన్సిలుతో గీసుకుంటారు. అలా చెక్కితే ముఖం అప్పడంలా వస్తుంది. దిమ్మను నలభై అయిదు డిగ్రీలు తిప్పి, అంచు మన వైపు ఉండేలా పట్టుకోవాలి. "ముక్కు మూలన రావాలి" అన్నది మా క్లబ్బులో మంత్రం. ముక్కు దూలం ఆ అంచు మీద నిలిస్తే చెంపలు రెండు వైపులా వాటంతట అవే జారతాయి, కళ్లకు లోతు దొరుకుతుంది. ముందు కనుబొమల దగ్గర, ముక్కు కింద అడ్డంగా రెండు నిలుపు కోతలు వేయాలి. ఆ తరవాత పై నుంచీ కింది నుంచీ వచ్చే కోతలు అక్కడికి వచ్చి ఆగుతాయి, పేడు శుభ్రంగా ఊడివస్తుంది. నిలుపు కోత లేకుండా ముందుకు పోతే నార వెంట చీలిక పరుగెత్తి ముక్కును పట్టుకుపోతుంది. ముక్కు పోని బొమ్మ మా క్లబ్బులో ఎవరి దగ్గరా లేదు. అందుకే బల్లకొక జిగురు సీసా ఉంటుంది. బొమ్మకు తల దగ్గర చెక్క గట్టిపడి కత్తి మొరాయిస్తే, నీళ్లూ స్పిరిటూ సమపాళ్లలో కలిపిన చిన్న స్ప్రే సీసా ఇంకొకటి.

ఇవన్నీ నాకు ఒక్కరు నేర్పినవి కావు. కళ్లు ఒకరు చూపించారు, చెవులు ఇంకొకరు. గడ్డం వెంట్రుకలు చూపించిన ఆయన, "పక్క బల్ల ఆయన చెప్పింది వినకండి, అది పాత పద్ధతి" అని చెవిలో చెప్పారు. పక్క బల్ల ఆయనా ఈయన గురించి అదే అన్నారు. ఇద్దరూ ఒకే కారులో వస్తారు, ఒకే కారులో వెళ్తారు.

పేచీలు లేవని కాదు. మోటారు గ్రైండరుతో చెక్కేవారికీ కత్తితో చెక్కేవారికీ మధ్య ఎడతెగని తగవు ఒకటుంది. మోటారు వాళ్లు లేపే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదని వాళ్లను పక్క గదికి పంపారు. ఆ గదిలో కాఫీ యంత్రం ఉండటంతో ఇప్పుడు అసూయ ఇటు వైపు తిరిగింది. రంగు వేయాలా, చెక్కను చెక్కలాగే ఉంచి నూనె పట్టించాలా అన్నది ఇంకో పంచాయతీ. నూనె అంటే అవిసె నూనె. దాన్ని తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేస్తే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. అందుకని నీళ్లు పోసిన డబ్బాలో వేయాలి. ఈ ఒక్క నియమం మీద మాత్రం రెండు పక్షాలకూ ఏకాభిప్రాయం. బల్ల దగ్గర రాజకీయాలూ మతమూ మాట్లాడకూడదన్న రాయని కట్టుబాటు కూడా ఉంది. సిన్సినాటి రెడ్స్ బేస్‌బాల్ జట్టును మాత్రం ఎంతైనా తిట్టుకోవచ్చు.

నాకు అలవాటు కావడానికి ఎక్కువ కాలం పట్టింది పిలుపు. ఎనభై ఏళ్ల మనిషిని పేరు పెట్టి పిలవమంటారు. నోరు రాలేదు. అలాగని "గారు" తగిలించలేను కదా. చాలాకాలం పేరు లేకుండానే, ఎదురుగా నిలబడి గొంతు సవరించుకుని మాట్లాడుతూ నెట్టుకొచ్చాను. ఇప్పుడు పేరు పెట్టే పిలుస్తున్నాను. ఇంట్లో వాళ్ల గురించి చెప్పేటప్పుడు మాత్రం "పదును తాతగారు", "డేగ మామయ్యగారు" అనే వస్తుంది.

ఈ ఊరికీ చెక్కడానికీ ఉన్న పాత బంధం తెలిసింది కూడా బల్ల దగ్గరే. మన ఊళ్లలో టైపు ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లినవారికి పిట్మన్ షార్ట్‌హ్యాండ్ తెలుసు. దాన్ని కనిపెట్టిన ఐజక్ పిట్మన్‌కు బెన్ పిట్మన్ అని ఒక తమ్ముడు. అన్నగారి లిపిని ప్రచారం చేయడానికి ఈయన అమెరికా వచ్చారు. లింకన్ హత్య కుట్రదారుల విచారణను 1865లో షార్ట్‌హ్యాండ్‌లో రాసిన బృందానికి పెద్ద. సిన్సినాటిలో స్థిరపడిన ఆయన 1870లలో ఇక్కడి కళాశాలలో చెక్కడం నేర్పడం మొదలుపెట్టారు. ఇంగ్లండు నుంచి వచ్చిన ఫ్రై కుటుంబం తండ్రీకొడుకులు కూడా అదే పని చేశారు. వీళ్ల దగ్గర చేరిన శిష్యుల్లో ఎక్కువమంది ఆడవాళ్లు. 1878లో తెరిచిన సిన్సినాటి మ్యూజిక్ హాల్‌లో పెట్టిన పెద్ద ఆర్గన్ వాద్యానికి చెక్క ముఖభాగం ఎక్కువగా ఈ ఆడవాళ్ల చేతుల్లోనే రూపుదిద్దుకుంది. ఆకులు, పూలు, తీగలు. ఆర్గన్ ఇప్పుడు లేదు కానీ ఆ పలకల్లో కొన్ని మిగిలాయి. పిట్మన్ గీసిన నమూనాకు ఆయన భార్య అడలేడ్ నర్స్ పిట్మన్ చెక్కిన మంచం సిన్సినాటి కళా మ్యూజియంలో ఉంది. మా క్లబ్బులో ఆడవాళ్లు అయిదుగురం కలిసి చూసి వచ్చాం. కాపలా ఆయన వద్దంటున్నా మా వాళ్లు మోకాళ్ల మీద కూర్చుని, ఏ ఆకును ఏ వంపు ఉలితో తీసి ఉంటారో వాదించుకున్నారు.

నా ఉలుల్లో కొన్నింటి పిడి మీద వేరేవారి పొడి అక్షరాలు కాల్చి ఉన్నాయి. ఇది మా క్లబ్బు ఆనవాయితీ. సభ్యుడు పోతే, కొన్నాళ్లకు ఆ ఇంటి వారు పనిముట్ల పెట్టెలు క్లబ్బుకు తెస్తారు. బయట అమ్మితే ఎక్కువ వస్తుందని మేమే చెబుతాం. వాళ్లు వినరు. బల్లల మీద పరిచి నామమాత్రపు ధరకు సభ్యులకే ఇస్తారు, కొత్తవారికి ముందు అవకాశం. సగం చెక్కి వదిలేసిన బొమ్మలు కూడా ఆ పెట్టెల్లో ఉంటాయి. వాటిని అమ్మరు. ఎవరో ఒకరు తీసుకెళ్లి పూర్తిచేసి ఆ ఇంటికి చేరుస్తారు. నాకు ఒకసారి నడుం దాకా మాత్రమే తేలిన రైతు బొమ్మ వచ్చింది. పైభాగం కోతలు పెద్దవి, ధైర్యంగా ఒక్క ఊపున వేసినవి. నావి చిన్న చిన్నవి, గీకుళ్లు. ఆ చేతిని అనుకరించబోతే కుదరలేదు. ఆ ఇంటావిడ బొమ్మను తిప్పి తిప్పి చూసి, "ప్యాంటు మీరు వేశారని తెలిసిపోతోంది" అని నవ్వారు. పుచ్చుకున్నారు.

నెలకొకసారి ఎవరో ఒక సభ్యుడు ఏదైనా ప్రదర్శించి చూపించాలి. నా వంతు వచ్చినప్పుడు కొండపల్లి ఎంచుకున్నాను. ఇంట్లో బొమ్మల కొలువుకు తెచ్చుకున్న అంబారీ ఏనుగు, ఎడ్లబండి పట్టుకెళ్లాను. తెల్ల పొణికి గురించి చెప్పాను: బాస్‌వుడ్ కంటే తేలికైన చెక్క, ముందు సన్నని సెగ మీద చెమ్మ పోగొట్టి అప్పుడు చెక్కుతారు. బొమ్మంతా ఒకే దిమ్మలోంచి తీయరు. చేతులు, కాళ్లు, తొండం విడివిడిగా చేసి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు, అతుకు కనపడకుండా దాంతోనే మెత్తుతారు. ఒకే దిమ్మలోంచి బొమ్మ తీయడమే మొగతనం అనుకునే మా బల్లల దగ్గర ఇది విని కొంత గుసగుస లేచింది. నేను ఊరుకోలేదు. ఇండియన్ దుకాణంలో గింజలున్న చింతపండు కొని, గింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి ఉడికించిన ముద్దను కూడా తీసుకెళ్లాను. పండేమో ఆ రోజు పులిహోర అయింది, అది కూడా తెచ్చాను. విరిగిన ముక్కులన్నీ బయటికి వచ్చాయి. ఎండాక ఇసుక కాగితం పెట్టి రుద్ది, రంగు వేసి చూసుకుంటే అతుకు ఎక్కడుందో చేసినవారికే తెలియలేదు. మర్నాడు రెండు ఫోన్లు వచ్చాయి. ఒకటి మక్కు ఎలా చేయాలని, రెండోది పులిహోర ఎలా చేయాలని.

తరిమెన (కర్రను గిర్రున తిప్పుతూ చెక్కే యంత్రం) పని చేసే సభ్యుడు ఒకాయనకు ఏటికొప్పాక గురించి చెప్పాను. అంకుడు కర్రను తరిమెన మీద తిప్పుతూ లక్క రంగును రాపిడి వేడితో పట్టిస్తారని, అక్కడి సహజ రంగుల కోసం పాటుపడిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చిందని. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం ఇంటికి వచ్చాక కూడా నన్ను వదల్లేదు: "మీ ఊరికి అంత దగ్గరలో ఇలాంటి పనివాళ్లుంటే, మీరు చిన్నప్పుడే వెళ్లి ఎందుకు నేర్చుకోలేదు?"

నిజానికి ఆ ఆలోచన మాకూ రాలేదు, వాళ్లకూ వచ్చి ఉండదు. కొండపల్లిలో అది ఇంటి పని. తండ్రి చెక్కుతాడు, తల్లి రంగులు వేస్తుంది, పిల్లలు చూసి నేర్చుకుంటారు. అమ్ముడుపోతేనే పొయ్యి వెలుగుతుంది. మంగళవారం సాయంత్రం తోచక వచ్చిన బయటి మనిషికి చూపిస్తూ కూర్చునే తీరిక వాళ్లకెక్కడిది? మా క్లబ్బులో ఎవరూ చెక్కడం మీద బతకరు. పింఛన్లున్నాయి, గ్యారేజీలున్నాయి, అందుకే విద్యను ఇంత ధారాళంగా పంచగలుగుతున్నారు. దీన్ని వాళ్ల గొప్పతనంగానూ మన లోపంగానూ చూసే ఎన్నారై ధోరణి నాకు నచ్చదు. కానీ విజయవాడలో రిటైరైన బ్యాంకు ఉద్యోగులకూ, లెక్చరర్లకూ కొదవ లేదు. పొణికి దొరకడం కష్టమైతే వేప ఉంది, టేకు తుక్కు ఉంది. వారానికొక సాయంత్రం ఒక కల్యాణ మండపం వరండాలో పది మంది కూర్చుని, పనివాడికి తగిన రుసుము ఇచ్చి పిలిపించుకుంటే ఆయనకూ ఆదాయమే. అమ్మతో అంటే, "నువ్వొచ్చి పెట్టు, వడియాలు నేను పట్టుకొస్తా" అంది.

ఏటా ఇక్కడి క్లబ్బులన్నిటికీ పండగలాంటిది నవంబరులో డేటన్ కార్వర్స్ గిల్డ్ నిర్వహించే ప్రదర్శన. మా ఊరికి గంట దూరం. కొత్తవారికో విభాగం, ఆరితేరినవారికో విభాగం, పోటీలు, రిబ్బన్లు. మాలో కొందరికి రిబ్బను వచ్చిందా లేదా అన్నది అక్కడ పట్టింపే కాదు, బల్ల అద్దెకు తీసుకుని వచ్చేపోయేవారితో కబుర్లు చెప్పడానికే వెళ్తారు. ఈ మధ్య మా క్లబ్బు శ్రమంతా చేతికర్రల మీద ఉంది. గాయపడిన మాజీ సైనికులకు డేగ తల పిడితో చేతికర్రలు చెక్కి ఇచ్చే పని ఓక్లహోమాలో మొదలై దేశమంతా పాకింది. ముక్కు వంపు, కంటి మీది గట్టు నాకు చేతనవుతాయి, ఈకలు ఇంకా లేదు. నా డేగలకు ఈకలు మామయ్యగారే వేస్తారు.

పిల్లలు రావడం లేదన్నదే మా బల్లల దగ్గర తరచుగా వినిపించే దిగులు. స్కౌట్ పిల్లలకు సబ్బు బిళ్లల మీద చెక్కడం నేర్పి చూశాం. సబ్బు అయిపోయాక ఒకమ్మాయి మిగిలింది, పన్నెండేళ్లది. ఇప్పుడు మా అందరికంటే కళ్లు బాగా చెక్కుతుంది. పదును తాతగారు ఆమెకు పిప్పరమెంటు ఇవ్వడం మానేశారు, అడగకుండానే కత్తి నూరుకుని వస్తోందని.

ఇక పదవుల సంగతి. మా క్లబ్బులో ఎన్నికలకు పోటీ ఉండదు, ఆ రోజు రానివారిని ఎన్నుకుంటారు. అమ్మను చూడటానికి విజయవాడ వెళ్లి వచ్చేసరికి నేను కోశాధికారిని. మొదటి సమావేశంలోనే చందా పెంచే ప్రతిపాదన వచ్చింది. 20 డాలర్లు చాలడం లేదు, గది అద్దె పెరిగింది, 25 చేద్దాం అని అధ్యక్షుడు. 20 అన్నది ఏళ్ల తరబడి వస్తున్న సంప్రదాయం అని పాతవారు. కొత్త ఉలి కనిపిస్తే ధర అడగకుండా కొనేవాళ్లే అందరూ. ఆ అయిదు డాలర్ల మీద జరిగిన చర్చలో నేనొక డేగ ముక్కు పూర్తి చేశాను. చివరకు 22 దగ్గర రాజీ కుదిరింది. చిల్లర తెచ్చి పెట్టే బాధ్యత కోశాధికారిదేనని అదే తీర్మానంలో చేర్చారు.